అరిచినవాళ్ల పేర్లు

"మీ అమ్మాయికి ఆటిజమని డాక్టరు రాసిచ్చారు, సరే. అలాగని గంట మోగినప్పుడల్లా చెవులు మూసుకుని అరుస్తుంటే మేం బడి నడపాలా, మానాలా?" అన్నారు ప్రిన్సిపాల్.

"ఆ గంట చప్పుడు కాస్త తగ్గిస్తే చాలండి," అంది తల్లి.

"ఒక్క పిల్ల కోసం బడి గంట గొంతు నొక్కమంటారా? ఇక్కడ అందరికీ ఒకటే రూలమ్మా. అరిస్తే పేరు పక్కన గీత. మూడు దాటితే టీసీ. మీ చిట్టికి ఇప్పటికే మూడు!"

పిల్ల కుదురుగా కూర్చుంటుందని ఆయనే కాగితం, పెన్సిలు ఇచ్చారు. "ఈ గదిలో ఎవరరిచినా పేరు రాసి గీత పెట్టు. కాగితం నా చేతికిచ్చేదాకా నోరు మెదపకు."

చిట్టి చెప్పింది చెప్పినట్టు చేసే పిల్ల. రాయడానికి సిద్ధంగా కూర్చుంది.

ప్రిన్సిపాల్ క్రమశిక్షణ మీద ఉపన్యాసం అందుకున్నారు. మధ్యలో, వరండాలో పరిగెత్తేవాళ్లని కిటికీలోంచి గదమాయించారు. టీ ఇంకా రాలేదని కేకేశారు. తల్లి ఏదో అనబోతే, "నన్ను పూర్తి చెయ్యనివ్వండి!" అని ఇంతెత్తున లేచారు.

గంట మోగింది. చిట్టి చెవులు మూసుకుంది, పెదవులు బిగబట్టింది. అరవలేదు. గంట ఆగాక ఇంకొక్క పేరు రాసి, కాగితం ఆయన చేతికిచ్చింది.

ప్రిన్సిపాల్ సార్, మూడు గీతలు. గంట, ఒకటి.

"ఏంటిది?" అని గావుకేక పెట్టారాయన.

చిట్టి కాగితం వెనక్కి లాక్కుని నాలుగో గీత గీసింది. తర్వాత నిజంగానే తెలియక అడిగింది:

"సార్, మరి మీకు టీసీ ఎవరిస్తారు?"