పాత గొంతు కావాలి

“ఇవాళ కూడా ఆ జోలపాటలే పాడితే ముందు నేనే లేచిపోతాను. నా వెనక హాలు మొత్తం లేస్తుంది. మీ ఆయనకి చెప్పమ్మా!”

మేకప్ గది గుమ్మానికి అడ్డంగా నిలబడి అన్నాడు టైలరు. బ్యాండు అభిమాన సంఘానికి అధ్యక్షుడాయన. ఐదేళ్లుగా వీళ్ల స్టేజి బట్టలన్నీ ఆయన కుట్టినవే.

మొదటి మూడేళ్లూ గాయకుడి గొంతులోని గరగర జనం గుండెల్ని గీరేసేది. ఆ తర్వాత ఆర్నెల్లు ఎక్కడికో మాయమై, నున్నటి గొంతుతో, మెత్తటి పాటలతో తిరిగొచ్చాడు. అభిమానులకి ఒళ్లు మండింది. కిందటి రెండు షోల్లోనూ సగంలోనే లేచిపోయారు. మూడోసారీ అలాగైతే ఇక హాలిచ్చేది లేదని ఓనరు తెగేసి చెప్పాడు. హాలు పోతే బ్యాండూ లేదు.

“ఈ ఒక్కపూటకీ వదిలెయ్యండన్నయ్యా,” అంది గాయకుడి భార్య. “ఏది వస్తే అది పాడతారు.”

“వారం నుంచి మాతో మాటే లేదు. సైగలతో సరిపెడుతున్నాడు. అంత పొగరేంటమ్మా? నువ్వే మార్చేశావని ఊరంతా అంటోంది.”

నిజానికి ఆ మాట మొదట అన్నది టైలరే. ఊరు అందుకుందంతే. ఆవిడ తల దించుకుంది.

సాయంత్రం ఆరింటికి తెర లేచింది. మొదటిది కొత్త పాటే. టైలరు కుర్చీలోంచి సగం లేచాడు కూడా. అంతలో చరణం మధ్యలో గాయకుడి గొంతు జీరబోయింది. ఆయన ఆగి, డ్రమ్మర్ వైపు చూసి తలూపాడు. డ్రమ్ములు దద్దరిల్లాయి. ఆ పైన అందుకున్నది పాత పాట, అదే గరగర!

హాలు హాలంతా లేచి ఊగిపోయింది. టైలరు పసిపిల్లాడిలా ఏడ్చేశాడు. ఒకటి అయ్యాక ఒకటి, తొమ్మిది పాత పాటలు పాడించుకున్నారు. గాయకుడు చాలని చెయ్యెత్తితే ఒప్పుకుంటేనా!

షో అవగానే టైలరు మేకప్ గదికి పరిగెత్తాడు. గాయకుడు కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకున్నాడు. భార్య ఆయన చెయ్యి పట్టుకుని కూర్చుంది.

“నన్ను క్షమించమ్మా, నోరు పారేసుకున్నాను. ఏం చెప్పి ఒప్పించావోగానీ మా మనిషిని మాకు తిరిగిచ్చావు. అసలీ పాత గొంతు మళ్లీ ఎలా తెప్పించావు తల్లీ?”

ఆవిడ తలెత్తకుండానే జవాబిచ్చింది.

“ఆపరేషన్ చేసి తీసేసిన కేన్సర్ మళ్లీ వచ్చిందన్నయ్యా.”