నాలుగువందల పన్నెండు బడులు

“ఆ బడుల్ని ఎవరు లెక్కపెట్టారు?” అని రుత్విక్ నిలదీశాడు.

వెనక బెంచీలో కూర్చున్న అతని తండ్రి రవికుమార్ తల దించుకున్నాడు.

అమెరికాలోని షాంటిలీ ఊళ్లో హైస్కూలు పిల్లల డిబేట్ పోటీలు జరుగుతున్నాయి. యుద్ధం తర్వాత అఫ్ఘానిస్తాన్‌ను తిరిగి నిలబెట్టడంలో అమెరికా విఫలమైందని రుత్విక్ వాదన. కాలేదని అవని వాదన. మూడు రౌండ్లలో రెండు గెలిస్తేనే రాష్ట్రస్థాయికి వెళ్లేది. ఎవరు ఏ పక్షాన వాదించాలో రౌండు రౌండుకీ చెబుతారు. మొదటిది రుత్విక్ గెలిచాడు. ఇది రెండోది.

అవని చేతిలో కాగితం పైకెత్తింది. “కాంట్రాక్టు కంపెనీ ఇచ్చిన నివేదిక, ముప్పై ఎనిమిదో పేజీ. అమెరికా డబ్బుతో అక్కడ కట్టిన బడుల్లో నాలుగువందల పన్నెండు నడుస్తున్నాయి.”

“అలా రాసినవాళ్లు అక్కడికి వెళ్లారా? ఒక్క పిల్లాణ్నయినా చూశారా?”

“వెళ్లలేదనడానికి నీ దగ్గర ఆధారం ఉందా?”

రుత్విక్ కాగితాలన్నీ తిరగేశాడు. లేదు. ఆ ఆధారం అతనికి పది అడుగుల వెనక, నోరు మూసుకుని కూర్చుని ఉంది. చూడ్డానికి వచ్చినవాళ్లు మాట్లాడకూడదని తలుపు మీద కాగితం అంటించారు. అది ఉన్నందుకు రవికుమార్‌కి కాస్త ఊరటగా కూడా అనిపించింది.

అవని గెలిచిందని జడ్జి చెప్పారు. ఆ పిల్ల వెళ్తూ వెళ్తూ “బై అంకుల్” అని నవ్వింది.

కెఫెటేరియాలో రుత్విక్ పిజ్జా ముట్టుకోలేదు.

“ఆ నంబరే నన్ను కిల్ చేసింది డాడీ. ఎవడో ఏసీ రూమ్‌లో కూర్చుని ఫేక్ చేసి ఉంటాడు. ఐ హేట్ దట్ గై.”

రవికుమార్ తన ప్లేటు పక్కకి జరిపాడు.

“ఆ గై నేనే నాన్నా.”

“వాట్?”

“నువ్వు పుట్టిన ఏడాది. ఇక్కడే, రూట్ ఫిఫ్టీ హైవే పక్కన ఆ కాంట్రాక్టు కంపెనీ ఆఫీసులో పనిచేసేవాణ్ని. అక్కడికి మనుషుల్ని పంపడం సేఫ్ కాదన్నారు. శాటిలైట్ ఫొటోలు ఇచ్చారు. పైకప్పు కనిపిస్తే బడి నడుస్తున్నట్టే, టిక్ పెట్టెయ్ అన్నారు. పెట్టాను.”

“మరి పిల్లలు?”

“పైనుంచి పిల్లలు కనిపించరు.”

“సో, నిజంగా ఎన్ని రన్ అయ్యాయి?”

“తెలీదు. కొన్నిట్లో మేకల్ని కడుతున్నారని అక్కడి ఇంజనీర్ ఒకాయన మెయిల్ పెట్టాడు. మేనేజర్‌కి ఫార్వర్డ్ చేశా. గుడ్ పాయింట్ రవీ, నెక్స్ట్ రిపోర్ట్‌లో చూద్దాం అన్నాడు.”

“నెక్స్ట్ రిపోర్ట్‌లో ఏం రాశారు?”

“కాంట్రాక్ట్ అయిపోయింది. నెక్స్ట్ రిపోర్ట్ లేదు.”

“మమ్మీకి తెలుసా?”

“ఎవరికీ తెలీదు. ఇవాళ నువ్వు అక్కడ నిలబడి అడుగుతుంటే... నన్నే అడిగినట్టు ఉంది.”

చుట్టూ పిల్లలు కేకలు వేసుకుంటూ తింటున్నారు. రవికుమార్‌కి వాళ్ల వైపు చూడబుద్ధి కాలేదు. జేబులోంచి పెన్ను తీసి, కొడుకు నోట్‌ప్యాడ్ తన ముందుకు లాక్కున్నాడు.

“ఆ లెక్క తప్పని సంతకం పెట్టి రాసిస్తాను. పద, మీ జడ్జికి ఇద్దాం. ఆ అమ్మాయికీ చెబుదాం. ఇంకెవరూ దాన్ని నమ్మకూడదు.”

మొదటి వాక్యం సగం రాశాడు. అప్పుడే మూడో రౌండు జాబితా ఫోన్‌లో వచ్చినట్టుంది, రుత్విక్ ఒకసారి స్క్రీన్ చూసుకున్నాడు. తర్వాత చెయ్యి చాచి తండ్రి చేతిని మెల్లగా పట్టుకున్నాడు.

“వద్దు డాడీ. ప్లీజ్. ఎవరికీ చెప్పకు.”

రవికుమార్ రాయడం ఆపాడు. పదహారేళ్లకే వీడికి తండ్రి పరువు గురించి ఇంత ఆలోచన ఉందా అనుకున్నాడు. “పర్లేదు నాన్నా, నా గురించి ఎవరేం అనుకున్నా...” అనబోయాడు.

రుత్విక్ ఆ కాగితాన్ని ప్యాడ్‌లోంచి చింపి మడిచి జేబులో పెట్టుకున్నాడు.

“అది కాదు డాడీ. ఈ రౌండ్‌లో నాకు అటు సైడ్ వచ్చింది. అమెరికా సక్సెస్ అయిందని ప్రూవ్ చెయ్యాలి. నాకా నాలుగువందల పన్నెండూ కావాలి!”