ఎర్రదీపం ఆరాక

శిశుకేంద్రం గోడమీది కెమెరా పది సెకన్లకు ఒక్క ఫోటో పంపుతుంది. పంపినప్పుడు దాని ఎర్రదీపం వెలిగి ఆరుతుంది. మధ్యలో జరిగింది తల్లుల ఫోన్లే ఊహించుకుని వీడియోగా ఆడిస్తాయి. రెండు ఫోటోలకూ పొంతన కుదరకపోతేనే కెమెరాను ఇంకో ఫోటో అడుగుతాయి. ఇప్పుడు ఎక్కడి కెమెరా అయినా ఇంతే.

ఆయా వరహాలమ్మకు ఆ పది సెకన్లు బాగా తెలుసు.

సోమవారం మధ్యాహ్నం మూడేళ్ల మోక్షిత మూడోసారి పప్పన్నం ఉమ్మేసింది. దీపం ఆరగానే వరహాలమ్మ చెయ్యి లేచింది. పిల్ల చెంప చెళ్లుమంది. దీపం మళ్లీ వెలిగేలోగా నోట్లో బెల్లంముక్క పెట్టి, కందిన చెంప కనబడకుండా పిల్లను భుజాన వేసుకుంది.

సాయంత్రం మందుల ఫ్యాక్టరీ నుంచి వచ్చిన తల్లి గౌరి తన ఫోన్ చూపించింది. అందులో వరహాలమ్మ పిల్ల చెంపమీది మెతుకు మెల్లగా తుడిచి, భుజానికెత్తుకుంటోంది.

"నేనైతే ఒక్కటేసీదాన్ని పిన్నీ. నీకెంత ఓపికో!"

"అదేటి లేదమ్మా..." అంటూ వరహాలమ్మ నిజం చెప్పబోయింది. కానీ ఫోన్లోని ఆ మంచి మనిషిని చూశాక ఊరికే తల ఊపింది.

మర్నాడు అన్నం గిన్నెతో వచ్చేసరికి మోక్షిత గోడవైపే చూస్తోంది. దీపం వెలిగింది. పిల్ల నవ్వుతూ నోరు తెరిచి ముద్ద అందుకుంది.

దీపం ఆరింది. వెంటనే పిల్ల రెండు చేతులతోనూ చెంపలు మూసుకుంది.