తల్లిపిట్ట వేషం

పిట్టల నాటకం సగంలో ఉండగా బొగ్గుబాయి సైరన్ మోగింది. బ్లాస్టింగ్ అయ్యేదాకా బడి కప్పు కింద ఉండకూడదని కాగితపు రెక్కలతోనే పిల్లలంతా గ్రౌండులోకి పరుగెత్తారు.

తల్లిపిట్ట వేషం వేసిన సహస్ర మాత్రం గడ్డిగూట్లోంచి కదల్లేదు. మట్టిగుడ్ల మీద రెక్కలు పరిచి కూర్చుంది.

"లెవ్వు, జల్ది," క్రిస్టినా టీచర్ చెయ్యి పట్టి గుంజింది.

"గుడ్లున్నయి గద టీచర్."

"మట్టివే గద బిడ్డా. అయినా చప్పుడైతే నిజం పిట్టలు గూడ ఎగిరిపోతయి. మొన్ననే చెప్పిన గద."

"మా అమ్మ ఉరకలే టీచర్," అంది సహస్ర. "పోయినేడు బ్లాస్టింగుకు గోడ కూలిననాడు నా మీద గిట్లనే పండుకుంది. మళ్ల లెవ్వలే."

టీచర్ ఇక గుంజలేదు. ఆ కాగితపు రెక్కలను తన ఒళ్లంతటితో కప్పింది.

నేల అదిరింది.