టేపు గోడలు

"గోడ!" అని అరిచింది లోరెట్టా.

కాల్విన్ ఉలిక్కిపడి మోచెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నేల మీద అతికించిన పచ్చ టేపు దాటి జానెడు బయటికొచ్చింది ఆ మోచెయ్యి.

"మళ్ళీ మొదటినుంచి! టేపంటే గోడే. గోడలోంచి చెయ్యి దూర్చేవాణ్ణి దెయ్యమంటారు, నటుడనరు."

లోరెట్టా ముప్పై ఏళ్ళుగా స్టేజి మేనేజరు. నాటక కంపెనీతో ఏడాదిపాటు ఊళ్ళు తిరిగి ముందురోజే పిట్స్‌బర్గ్‌లో దిగింది. దిగీ దిగగానే కాల్విన్ పట్టుకున్నాడు. చర్చి కింది హాల్లో ఓ గది గీసిపెట్టమన్నాడు. ఆరడుగుల వెడల్పు, తొమ్మిదడుగుల పొడవు. మంచం, బల్ల, మూల కమోడ్.

"ఖైదీ వేషమన్నమాట," అంది. తలూపాడు.

"మరి జనం ఎక్కడ కూర్చుంటారు?"

"కూర్చోరు. తలుపులో జానెడు కిటికీ ఉంటుంది. గంటకొకరు వచ్చి తొంగిచూసి పోతారు."

"ఈ కొత్త నాటకాలవాళ్ళకి పైత్యం బాగా ముదిరింది!"

అయినా పని పనే. కాల్విన్‌ది పన్నెండు వందల సీట్ల హాలుకి అలవాటుపడ్డ ఒళ్ళు. చేతులు బారజాపితే బాల్కనీ చివరి వరసవాళ్ళకి కూడా ఎదురుగా నిలబడ్డట్టుండేది. గొంతు సంగతి చెప్పనే అక్కర్లేదు. అలాంటివాణ్ణి ఈ అగ్గిపెట్టెలో ఇమడ్చాలి, అదీ సోమవారంలోపు. ఇమడలేకపోతే మొదటి వారానికే పిచ్చెక్కిపోతుందని అతని భయం.

నాలుగు రోజుల్లో చేతులు ఒంటికి అంటుకున్నాయి. గొంతు గొణుగుడైంది. శనివారం గంటన్నర సేపు ఒక్క గోడా దాటలేదు. మంచం ఉండాల్సిన చోట ముడుచుకుని కూర్చుని తలుపు వైపు చూశాడు. ఆ చూపులో ఆశన్నది లేదు. ఇంత బాగా ఇతను ఎన్నడూ చెయ్యలేదనుకుంది లోరెట్టా.

"ఇప్పుడు కనిపిస్తున్నాయిరా గోడలు!" అని చప్పట్లు కొట్టింది. "అవునూ, నీ కారేది? రోజూ బస్సులో వస్తున్నావు?"

"పోయిన చలికాలం, ఆ రాత్రి నుంచి కారు ముట్టలేదు."

"సరే, నేను దింపుతాను పద. ఇంతకీ ఎన్నాళ్ళాడుతుందంటావు ఇది?"

"తొమ్మిదేళ్ళు."

లోరెట్టా పడీపడీ నవ్వింది. "నీ నోట్లో పంచదార పొయ్య! మన ఆటలు తొమ్మిది వారాలాడితేనే పండగ. అంత మాటన్న మహానుభావుడెవరు, నిర్మాతా?"

కాల్విన్ తలుపున్న చోటినుంచే బయటికొచ్చి, "నిర్మాత కాదు లోరెట్టా, జడ్జి," అన్నాడు.