పదకొండు నిమిషాల సినిమా

ఊళ్ళో అందరి ఇళ్ళకీ సినిమా గోడలు వచ్చేశాయి. చూసేవాళ్ళు ఏది బాగాలేదన్నా గోడ వినేసి, అప్పటికప్పుడే దాన్ని మార్చి చూపించేస్తుంది. ఆదివారం భోజనాలయ్యాక సూర్రాజు, అతని భార్య మంగతాయారు తమ కొత్త గోడ మీద మొదటిసారిగా ఓ పాత సినిమా పెట్టుకున్నారు.

"ఇంత వానలో పరిగెడుతుంటే తల్లి మొహాన పౌడరు కరగదేంటి?" అన్నాడు సూర్రాజు. వెంటనే పౌడరు చారలుచారలుగా కారిపోయింది.

"కవలలు తిరనాళ్ళలో తప్పిపోతే పోలీసులకి చెప్పరా?" తల్లి వెళ్ళి చెప్పింది. పిల్లలిద్దరూ దొరికారు.

"ఈ విలన్‌కి వేరే పనేం లేదా?" విలన్ ఎరువుల కొట్టు పెట్టుకున్నాడు.

పదకొండో నిమిషంలో శుభం కార్డు పడింది.

సూర్రాజు బిక్కమొహం వేశాడు. "ఇదేం సినిమా? ఒక్క తప్పూ లేదు!"

మంగతాయారుకీ దిగులేసింది. నలభై ఏళ్ళుగా ఆయన తన పక్కన కూచుని సణుగుతుంటేనే ఆవిడకి సినిమా చూసినట్టుండేది. లేచి, ఏ మార్పూ లేకుండా మళ్ళీ మొదట్నించీ వెయ్యమని గోడకి చెప్పింది. వెంటనే దాని చెవి రంధ్రంలో ఇంత దూది కుక్కి, వచ్చి ఆయన పక్కన కూచుంది.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి. నేను వింటాను."

వాన మొదలైంది. తల్లి పరిగెడుతోంది. పౌడరు చెక్కుచెదరలేదు.

సూర్రాజు మొహం చేటంత అయింది. "చూసేవా, మంగా!"