రెండా? ఆరా?

"ఇంకొక్కసారి నన్ను లేపిండ్రంటే గీ డబ్బలన్నీ తీసి పెంటకుప్పల ఏస్త!" అంది నీల.

ఎక్కడ కూర్చుంటే పాట బాగా వినపడుతుందో చూడాలని, బీడీల చాటతో సహా ఆమెను పొద్దున్నుంచి నాలుగుసార్లు లేపారు మరి.

ఆమె మొగుడు హన్మంతు ఆ మాట విననే లేదు. దుబాయి నుంచి తెచ్చిన ఆరు స్పీకర్ డబ్బాల సెట్టుకు మళ్లీ వైర్లు బిగిస్తున్నాడు. ఎదురుగా అతని బావ మొగిలయ్య, తన పాత రెండు డబ్బాల స్టీరియోతో సహా. కోరుట్ల నుంచి దాన్ని ఆటోలో తెస్తుంటే పోలీసులు ఆపి, వైర్లు చూసి మందుపాతరేమోనని అంతా విప్పించారు. అయినా మనిషి వెనక్కి తగ్గలేదు.

"పాటకు రెండు చాలురా. కండ్లు మూసుకుంటే పాడేటోడు నడుమ నిలబడ్డట్టే ఉంటది."

"గది పాతకాలం ముచ్చట బావా. నా దాంట్ల నాలుగు దిక్కులకెల్లి వస్తది."

"పాట ముందట, డప్పు ఈపు ఎనుకనా? గదేం వినుడురా?"

"పెండ్లి ఊరేగింపు నడుమ నడిచినట్టుండదా?"

"ఎవని పెండ్లిరా?"

నీలకు ఒళ్లు మండిపోయింది. మొగుడి నలభై రోజుల సెలవు ఈ రెండుకూ ఆరుకూ మధ్యే కొట్టుకుపోయింది. రేపు పొద్దున బొంబాయి బస్సు, మళ్లీ రెండేళ్లు దుబాయిలోనే. ఊళ్లో టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీని నక్సలైట్ అన్నలు పేల్చినప్పటి నుంచి ఫోనూ లేదు. కడుపులో ఉన్నదంతా చెప్పుకుందామని "ఏమయ్యా, జర ఇటు రా" అంటే చాలు, "ఆగు, గీ పాట అయిపోనీ" అనేవాడు. ఎద్దు పుండు నొప్పి కాకికేం తెలుసు? ఒకటి కాగానే ఇంకో పాట.

"ఇగ నువ్వే చెప్పు చెల్లే, రెండా ఆరా?" అన్నాడు మొగిలయ్య.

"రెండింటికంటె మంచిది మనింట్లనే ఒకటున్నదన్నా."

హన్మంతు బిత్తరపోయాడు. తను తేని సెట్టు తన ఇంట్లో ఎక్కడిది?

"ఏ కంపెనీ?" అన్నాడు.

నీల లోపలి నుంచి పాత టేప్‌రికార్డర్ తెచ్చింది. ఉన్నదే ఒక్క డబ్బా, దాని విరిగిన మూతకు రబ్బరు బ్యాండు. మీట నొక్కింది. కాసేపు గరగర, తర్వాత హన్మంతు గొంతు.

"నీలా, మంచిగున్నవా? గీ క్యాసెట్ ఊరికొస్తున్న రాజం చేతికిచ్చి పంపుతున్న. రూంల ఎవ్వరు లేరు, నీతోనే మాట్లాడుతున్న. మోకాలి నొప్పి ఎట్లున్నది? యాళ్లకు తింటున్నవా? ఈపాలి వస్తే నీ పక్కకెల్లి లేవ..."

మొగిలయ్య తలొంచుకుని చెప్పులు తొడుక్కున్నాడు.

"బంద్ చెయ్యి నీలా" అంటూ హన్మంతు చేయి చాచాడు. ఆమె టేప్‌రికార్డర్‌ను ఒళ్లోకి లాక్కుంది.

"రేపు పోంగ నీ ఆరు డబ్బలు నువ్వే కొంచపో. నాతోని మాట్లాడెటోడు గీ ఒక్క డబ్బలనే ఉన్నడు."